ధ్రువం దగ్గర ఉత్తరమెటు?

(తృతీయ సంవత్సరం బి.యస్సీ.)

వార్షిక సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు ముందు తప్పించుకోవాలనే చూశాను. కథ రాయడం నాకు రాదు. కవిత్వం జోలికి పోను. అది మన కాలేజీలో ఇప్పటికే కావలసినంత పండుతోంది. "పోనీ, నీకు తెలిసిందేదో రాయి" అన్నారు. నాకు తెలిసింది, అంటే ఏడాదిగా నన్ను పట్టుకొని వదలకుండా వున్నది, ఒక లెక్క. ధ్రువాల దగ్గర ఎగిరే విమానం ఏ దిక్కుగా పోతున్నదో పటం మీద తేల్చే లెక్క. నాయుడుపేట పక్క పల్లె నుంచి వచ్చినవాడికి ఉత్తర ధ్రువంతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా నాయనా అదే అడిగాడు.

హాస్టల్లో నాకంటే ముందు నా గదిలో వున్న సీనియర్ ఒకాయన పైలట్ పరీక్షలకు చదవాలని కొన్నాళ్లు పట్టుదలగా కూర్చుని, ఫీజుల సంగతి తెలిశాక మానుకొని, పుస్తకాలు అటక మీదే వదిలి వెళ్లాడట. అందులో అట్ట వూడిపోయిన ఎయిర్ నావిగేషన్ పుస్తకం ఒకటి. వర్షం పడి కరెంటు పోయిన ఒక రాత్రి ఏమీ తోచక సెల్ లైటులో తిరగేశాను. మొదటి వంద పేజీలు మనకు తెలిసిన త్రికోణమితే. ఆ తరువాత ఒక పటం వచ్చింది. అలాంటి పటం నేను అంతవరకు చూడలేదు. మధ్యలో ఒక చుక్క. దాని చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా వలయాలు. చుక్క నుంచి నలుదిక్కులకూ చువ్వల్లాంటి గీతలు. చుక్క ఉత్తర ధ్రువం. వలయాలు అక్షాంశాలు. చువ్వలు రేఖాంశాలు. దానికి పోలార్ స్టీరియోగ్రాఫిక్ చార్టు అని పేరు. గోడకు తగిలించే ప్రపంచపటంలో ఉత్తరం పైన వుంటుంది గదా. ఈ పటంలో పైనా కిందా అనే మాటే లేదు. ఉత్తరం నడుమ వుంది.

అది చూడగానే నాకు గుర్తొచ్చింది కళ్లం. కోత మిషన్లు రాకముందు మా తాత కాలంలో వరి పనలు కళ్లంలో పరిచి, నడుమ గుంజ పాతి, దానికి ఎద్దుల్ని కట్టి చుట్టూ తిప్పి తొక్కించేవాళ్లట. గుంజ ధ్రువమనుకోండి. ఎద్దు మెడ నుంచి గుంజకు పోయిన పలుపుతాడే దాని రేఖాంశం. ఏ ఎద్దుకైనా ఉత్తరమంటే గుంజ వున్న వైపే. ఈ పక్కన వున్న ఎద్దు ఉత్తరమూ, ఎదురుగా ఆ పక్కన వున్న ఎద్దు ఉత్తరమూ ఒకదానికొకటి ఎదురు. గుంజను ఎడమకు పెట్టుకొని తిరిగే ఎద్దు రోజంతా తూర్పుకే నడుస్తుంది, ఎక్కడికీ పోదు. గుంజ మీదే ఒక కాకి వాలిందనుకోండి. దానికి ఉత్తరమూ లేదు, తూర్పూ లేదు, పడమరా లేదు. ఎటు ఎగిరినా దక్షిణమే.

ఇక లెక్క. పుస్తకంలో ఇచ్చిన అంకెలు మార్చి మన వూరికి సంబంధం వుండేలా చెబుతాను. నాయుడుపేట ఇంచుమించు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద వుంది. అదే రేఖ పట్టుకొని ఉత్తరంగా పోతూ పోతూ హిమాలయాలు, కజకిస్తాన్ దాటి సైబీరియాలో యెనిసేయ్ నది సముద్రంలో కలిసే ప్రాంతానికి వెళ్లామంటే 72 డిగ్రీల ఉత్తర అక్షాంశం వస్తుంది. అది మన గమ్యం. బయలుదేరే చోటు అదే 72 డిగ్రీల అక్షాంశం మీద, గ్రీన్‌లాండు తూర్పు తీరానికి దగ్గరగా, 20 డిగ్రీల పడమర రేఖాంశం. పటం మీద రెండు చుక్కలనూ కలిపి స్కేలుతో గీత గీశాం. విమానం ఏ దిక్కుగా బయలుదేరాలి?

రెండు చోట్లూ ఒకే అక్షాంశం మీద వున్నాయి గనుక తిన్నగా తూర్పుకే అనిపిస్తుంది. ఎద్దు పోయినట్టు వలయం మీద పోతే తూర్పే, అంటే 090. కాని మనం గీసింది వలయం కాదు, అడ్డంగా కోసిన గీత. ధ్రువమూ, రెండు వూళ్లూ కలిస్తే ఒక త్రిభుజం. ధ్రువం దగ్గర కోణం 20కి 80 కలిపితే 100 డిగ్రీలు. రెండు పలుపుతాళ్లూ సమానం గనుక మిగిలిన 80 డిగ్రీలను చెరిసగం పంచుకోవాలి, చెరి 40. కాబట్టి విమానం ఉత్తరానికి కుడివైపు 40 డిగ్రీలుగా, 040గా బయలుదేరుతుంది. సరిగ్గా సగం దారిలో, 30 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, దాని దిక్కు 090. గమ్యం చేరేసరికి 140. స్కేలు కదల్లేదు, గీత వంగలేదు, పైలట్ ఎటూ తిప్పలేదు. ఈశాన్యంగా బయలుదేరినవాడు ఆగ్నేయంగా పోయి దిగాడు! మారింది విమానం కాదు, ఉత్తరం.

లాభమెంత అంటే, వలయం మీద తూర్పుగా పోతే 1854 నాటికల్ మైళ్లు. భూగోళం మీద మహావృత్తం వెంట, అంటే అతి దగ్గర దారిలో పోతే 1643. రెండు వందల మైళ్లకు పైగా ఆదా. అందుకే ఉత్తరాన పోయే విమానాలు అలా వంపు తిరిగినట్టు కనిపిస్తాయి. వంపు విమానంలో లేదు, మనం చూసే గోడపటంలో వుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పుస్తకం 40 అని రాసి వూరుకుంది. నాకు అది నచ్చలేదు. భూమి గుండ్రం, కాగితం చదును. రెండింటికీ ఒకే జవాబు ఎట్లా వస్తుంది? గోళ త్రికోణమితి సూత్రంతో వేసి చూశాను. నిజమైన మహావృత్తానికి బయలుదేరే కోణం 41.4 డిగ్రీలు వచ్చింది. అంటే పటం మీది సరళరేఖ మహావృత్తానికి బాగా దగ్గరిదే గాని మహావృత్తమే కాదు. ధ్రువానికి దగ్గరయ్యే కొద్దీ తేడా తగ్గుతుంది. పరీక్షకు 40 చాలు. ఆ 1.4 డిగ్రీ ఎక్కడికి పోయిందో తెలుసుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది, ఆ రెండు రాత్రుల గురించి నాకు విచారమేమీ లేదు.

ఈ ఉత్తరం మారడమనేది ధ్రువం దగ్గరి వింత మాత్రమే కాదు. రేఖాంశాలు ఎక్కడైనా ఒకదానివైపు ఒకటి మొగ్గుతూనే వుంటాయి. ఎంత మొగ్గుతాయంటే, రేఖాంశాల తేడాను అక్షాంశపు సైనుతో గుణించాలి. భూమధ్యరేఖ దగ్గర సున్న, ధ్రువం దగ్గర పూర్తిగా. నాయుడుపేటకూ తిరుపతికీ రేఖాంశంలో అర డిగ్రీకి కొంచెం తక్కువ తేడా. మన అక్షాంశానికి సైను 0.24. గుణిస్తే డిగ్రీలో తొమ్మిదో వంతు, అంటే సుమారు ఏడు నిమిషాల కోణం. శ్రీకాళహస్తి మీదుగా బస్సులో వచ్చేసరికి మా వూరి ఉత్తరం ఏడు నిమిషాలు పక్కకు జరుగుతోందన్నమాట. కండక్టరుకు తెలియదు, మనకూ తెలియదు. సైబీరియా మీద పైలట్‌కు మాత్రం తెలియక తప్పదు.

దిక్సూచి వుంది గదా అంటారు. అసలు చిక్కే అక్కడుంది. అయస్కాంత ధ్రువం భౌగోళిక ధ్రువం మీద లేదు. 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ దాన్ని కెనడా ఉత్తరాన కనిపెట్టాడు. అది అప్పటి నుంచి నిలకడ లేక నడుస్తూ ఇప్పుడు సైబీరియా వైపు వెళ్లిపోయింది. దాని చుట్టుపక్కల ముల్లును పక్కకు లాగే బలం క్షీణించి, కిందికి గుంజే బలమే మిగులుతుంది. ముల్లు తల దించుకొని వూగుతుంది తప్ప దారి చూపదు. కెనడా ఉత్తర గగనతలంలో అందుకే అయస్కాంత దిక్కులు వాడరు, నిజ ఉత్తరం నుంచే కొలుస్తారు.

ముల్లు పోతే మిగిలేది గైరో. గిర్రున తిరిగే చక్రం తన అక్షాన్ని వదలదు, బొంగరం చూసినవాళ్లకు ఆ సంగతి చెప్పనక్కరలేదు. కాని కింద భూమి తిరుగుతోంది గదా. అందువల్ల గైరో నిలకడగానే వున్నా మన కళ్లకు గంటకు 15 డిగ్రీలను సైనుతో గుణించినంత పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. నాయుడుపేటలో గంటకు 3.6 డిగ్రీలు. ధ్రువం మీద పూర్తిగా 15. దాన్ని లెక్కగట్టి సరిదిద్దుకుంటూ పోవాలి. 1937 జూన్‌లో చ్కలోవ్, బైదుకోవ్, బెల్యకోవ్ అనే ముగ్గురు సోవియట్ వైమానికులు ఒంటి ఇంజను విమానంలో మాస్కో నుంచి బయలుదేరి, ధ్రువం మీదుగా, ఎక్కడా దిగకుండా 63 గంటలకు అమెరికాలో వాంకూవర్ అనే వూళ్లో దిగారు. కంప్యూటర్ లేదు, ఉపగ్రహం లేదు. అదీ సాహసమంటే.

ప్రయాణికుల విమానాలకు ఈ దారి తెరిచింది స్కాండినేవియన్ సంస్థ. 1954 నవంబరు 15న కోపెన్‌హాగెన్ నుంచి గ్రీన్‌లాండు మీదుగా లాస్‌ఏంజిలిస్‌కు సర్వీసు మొదలుపెట్టింది. దానికి రెండు సరంజామాలు కావలసి వచ్చాయి. ఒకటి, జరుగుడు చాలా తక్కువగా వుండే ప్రత్యేకమైన గైరో. రెండవది గ్రిడ్. నన్ను అసలు మోహంలో పడేసింది ఈ గ్రిడ్డే.

ఆలోచన చాలా సులువైనది. ప్రతి అడుగుకూ మారే ఉత్తరాన్ని పట్టుకొని వేలాడటం ఎందుకు? పటం మీద గ్రీనిచ్ రేఖకు సమాంతరంగా నిలువు గీతలు గీసెయ్యండి, కొత్త దుప్పటి మీద చారల్లాగా. ఆ గీతలు చూపే వైపే ఇక అంతటా ఉత్తరమని ఒప్పుకోండి. అది గ్రిడ్ ఉత్తరం. కల్పితమే, కాని మారదు. నిజ దిక్కు నుంచి గ్రిడ్ దిక్కుకు పోవాలంటే ఉత్తరార్ధగోళంలో ఒక్కటే సూత్రం. నేను నా కోసం ఇలా కట్టుకున్నాను: పడమరైతే కలుపు, తూర్పైతే తీసెయ్. ఏమిటి కలపాలి? రేఖాంశం. పై లెక్కలో బయలుదేరే చోట 040, పడమర 20, కలిపితే 060. నడిమధ్యలో 090, తూర్పు 30, తీసేస్తే 060. గమ్యం దగ్గర 140, తూర్పు 80, తీసేస్తే 060. చూశారా? నలభై, తొంభై, నూటనలభై అని దాగుడుమూతలాడిన దిక్కు గ్రిడ్ మీద మొదటి నుంచి చివరిదాకా అరవైగానే వుంది. ఇది మొదటిసారి సరిపోయిన రాత్రి గదిలో ఎవరూ లేరు. వుంటే లేపి చూపించేవాణ్ని. (దక్షిణ ధ్రువం దగ్గర సూత్రం తిరగబడుతుంది. ఎందుకో గణితం మిత్రులు కాగితం తిప్పి చూసుకోగలరు.)

మన నాయుడుపేట నుంచి 80వ రేఖ మీద ధ్రువానికి పోయేవాడి నిజ దిక్కు 000, గ్రిడ్ దిక్కు 280. ధ్రువం దాటి ఎటూ తిరక్కుండా పోతే అవతల 100 డిగ్రీల పడమర రేఖ మీద దిగుతాడు. అక్కడ నిజ దిక్కు 180, వంద కలిపితే మళ్లీ 280. దిగుతూ దిగుతూ పోతే ఆ రేఖ టెక్సాస్ మీదుగా పోతుంది. మన జిల్లాల నుంచి వెళ్లిన పిల్లల్లో ఎంతమంది అక్కడ వున్నారో తలుచుకుంటే, ముక్కుసూటిగా ఉత్తరం పోయినవాళ్లంతా చేరేది అక్కడికే కాబోలనిపించింది.

ఇంతవరకు చెప్పింది పుస్తకాల సంగతి. మనవాళ్ల సంగతి కూడా వుంది. 2019 ఆగస్టు 15న ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ధ్రువప్రాంతం మీదుగా విమానం నడిపింది, భారతీయ విమాన సంస్థలలో అదే మొదలు. తరువాత 2021 జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు తొలి నాన్‌స్టాప్ బయలుదేరింది. కాక్‌పిట్‌లో వున్నవారంతా స్త్రీలే: కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనవరె, కెప్టెన్ శివానీ మన్హాస్. ఉత్తర ధ్రువం మీదుగా సుమారు 17 గంటలు ఎగిరి 11వ తేదీ తెల్లవారుజామున బెంగుళూరులో దిగారు. అప్పుడు నేను పేపర్లో ఫోటో చూసి పేజీ తిప్పేసినవాణ్ణే. ఈ పుస్తకం దొరికాక ఆ ప్రయాణాన్ని మళ్లీ లెక్కవేశాను.

శాన్‌ఫ్రాన్సిస్కో 122.4 డిగ్రీల పడమర. బెంగుళూరు విమానాశ్రయం 77.7 తూర్పు. మహావృత్తం దారిలో దూరం సుమారు 7,550 నాటికల్ మైళ్లు. కాని ఆ దారి ధ్రువం మీదుగా పోదు! అలాస్కా వైపు మొగ్గి 71వ అక్షాంశం దాకా ఎక్కి దిగిపోతుంది. సరిగ్గా ధ్రువం తొక్కి పోతే సుమారు 7,750 మైళ్లు. రెండు వందల మైళ్లు ఎక్కువైనా ధ్రువం మీదుగా పోవడమెందుకు? గాలి. దగ్గర దారిలో ఎదురుగాలి వుంటే దూరపు దారే చవక. మా వూళ్లో ఏరు పారేటప్పుడు రేవుకు నేరుగా పోకుండా పైకి నడిచి దాటుతారు, అట్లాంటిదే. ఆ ప్రయాణంలో పది టన్నుల ఇంధనం మిగిలిందని కెప్టెన్ జోయా అగర్వాల్ చెప్పినట్టు పత్రికలు రాశాయి.

ఇప్పుడు ధ్రువం దగ్గర ఆగి చూద్దాం. 122.4 పడమర రేఖ మీద నిజ దిక్కు 000తో వచ్చారనుకుందాం. 77.7 తూర్పు రేఖ మీద 180తో వెళ్లారనుకుందాం. నిజ దిక్కు చూసేవాడికి విమానం వెనక్కి తిరిగిపోయినట్టే. గ్రిడ్ చూడండి. వచ్చేటప్పుడు సున్నకు 122.4 కలిపితే 122.4. వెళ్లేటప్పుడు 180లోంచి 77.7 తీసేస్తే 102.3. తేడా ఇరవై డిగ్రీలు. అంటే పైలట్ చేసిందల్లా ఎడమకు ఇరవై డిగ్రీలు తిప్పడం. మన బస్సు గూడూరు మలుపులో అంతకంటే ఎక్కువే తిరుగుతుంది.

ఈ లెక్కకు సాక్షి మా ఇంట్లోనే దొరికింది. మా పెద్దనాయన కూతురు అక్క అమెరికాలో వుంటుంది. 2023లో ఆ విమానంలోనే ఇంటికి వచ్చింది. పండగకు అందరం కూర్చున్నప్పుడు అడిగాను.

"అక్కా, ధ్రువం మీద ఏం కనిపించింది?"

"ఏం కనిపిస్తుందిరా, చీకటి. పిల్లోడు వొళ్లో నిద్రపోయినాడు, కదిలితే లేస్తాడని కిటికీ కూడా తెరవలా." కాసేపాగి, తనంతట తానే అంది: "ఒకటి మాత్రం భయమేసింది. ముందు తెరమీద విమానం బొమ్మ పైకి పోతా పోతా వుండి ఉన్నట్టుండి కిందికి తిరిగింది. ఏదో అయింది, వెనక్కి తిప్పేశారు అనుకున్నా. పక్కనాయన్ని అడుగుదామంటే ఆయనా నిద్ర."

నేను పలక తీసి చుక్క పెట్టి చువ్వలు గీశాను. అక్క ఇంజనీరు, రెండు నిమిషాల్లో పట్టేసింది. "అయితే ఇరవై డిగ్రీలకా నేను ఆంజనేయ దండకం చదివింది!" అని నవ్వింది. నాకు తోచేదేమిటంటే, ఆ తెర పటంలో తప్పు లేదు, అక్క భయంలోనూ తప్పు లేదు. తెరమీద గోడపటం పెట్టారు. గోడపటానికి ధ్రువం తెలియదు.

ఈ కాలపు విమానాల్లో చార్టు మీద స్కేలుతో గీసే పని లేదు. జడత్వ యంత్రాలూ, ఉపగ్రహాలూ స్థానం చెబుతాయి; ధ్రువం చేరువయ్యేసరికి కంప్యూటరే అయస్కాంత ఉత్తరాన్ని వదిలి నిజ ఉత్తరానికి మారుతుంది. అయినా పైలట్ పరీక్షల్లో ఈ లెక్కలు అడుగుతారు. అది న్యాయమేనని నా అభిప్రాయం. యంత్రం ఎందుకలా చూపిస్తున్నదో తెలియనివాడు అక్కలాగే భయపడతాడు, వాడి వెనక మూడు వందల మంది వుంటారు.

వాస్తు పండితులకు ఒక విన్నపం. ధ్రువం మీద ఇల్లు కడితే నాలుగు గోడలూ దక్షిణానికే. ఈశాన్యం మూల లేదు, బావి తవ్వే చోటు లేదు. సింహద్వారం ఎటు పెట్టినా యముడి వైపే. అక్కడ స్థలాలు చవగ్గా వుండటానికి ఇదే కారణమై వుంటుంది.

ఇక మా నాయన అడిగిన ప్రశ్నకు వస్తాను. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లతో, ఉపగ్రహాలతో కొత్త పటాలు తయారవుతూ వచ్చాయి. మాది మూడెకరాల చెక్క, వెడల్పు తక్కువ, పొడవు రెండు వందల మీటర్లు. దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే గెనిమ అవతల, తూర్పున, మేం మామా అని పిలిచే ఒకాయన చేను. ఇరవై ఏళ్లుగా ఆ గెనిమ మీద మాట రాలేదు. ఒకనాడు మామ కొడుకు పటం కాగితం ఒక చేత, సెల్‌ఫోన్ ఒక చేత పట్టుకొని దక్షిణపు రాయి దగ్గర నిలబడ్డాడు. పటంలో గీత నిలువుగా ఉత్తరానికి వుంది. ఫోన్లో దిక్సూచి ఉత్తరానికి పెట్టి నడుచుకుంటూ పోయాడు. అవతలి కొసకు చేరేసరికి మా చేలో నాలుగైదు అడుగులు లోపల తేలాడు. "మా భూమి మీ కింద వుంది" అన్నాడు. మామ మాట్లాడలేదు. నాయనా మాట్లాడలేదు. మా వైపు అదే ప్రమాదం; అరిస్తే సర్దుకుంటుంది, మాట్లాడకపోతేనే కోర్టుకు పోతుంది.

నేను శెలవులకు వెళ్లేసరికి వారంరోజులుగా రెండిళ్ల మధ్య పలకరింపులు లేవు. నాయన మంచం మీద కూర్చుని అడిగాడు: "ఆ విమానాల దిక్కుల చదువు చదవతన్నావు గదా, ఇది చెప్పు. ఉత్తరం ఎటు?"

ఎన్నో రాత్రులు నేను ధ్రువం దగ్గర వేసుకున్న ప్రశ్న మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చుంది. కాగితం తీశాను. మన ప్రాంతంలో దిక్సూచి ముల్లు నిజ ఉత్తరానికి ఒక డిగ్రీ పైచిలుకు పడమరగా చూపుతుంది. మనం పడే యు.టి.యం. 44వ మండలానికి నడి రేఖాంశం 81 తూర్పు; మనం దానికి పడమరన వున్నాం గనుక ఆ చట్రం మీద గీసిన పటంలో నిలువు గీత కూడా నిజ ఉత్తరానికి డిగ్రీలో పావువంతు పడమరగా వుంటుంది. అంటే ఫోన్ ఉత్తరానికీ, పటం ఉత్తరానికీ సుమారు ఒక డిగ్రీ తేడా. ఒక డిగ్రీ ఏ మూలకు? రెండు వందల మీటర్లు నడిస్తే మూడున్నర మీటర్లు పక్కకు, పడమరకు, అంటే మా చేలోకి. ఆ సన్నటి త్రిభుజం విస్తీర్ణం 350 చదరపు మీటర్లు. ఎనిమిదిన్నర సెంట్లు! ఫోన్ దిక్సూచి తనంతట తాను ఇంకెంత వూగుతుందో ఆ లెక్క వేరే. ఎవరూ భూమి దొంగిలించలేదు. పటం తప్పు లేదు, పిల్లవాడి నడక తప్పు లేదు. రెండు ఉత్తరాలు కలిసి ఎనిమిది సెంట్లు పుట్టించాయి. మా వైపు ఇది కొత్తేమీ కాదు. నెల్లూరు వైపు అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. 2022 ఏప్రిల్‌లో మా నాయుడుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారినప్పుడు, ఇక మీ ఇంటి స్థలం రెండింతల అంకణాలని ఎగతాళి చేసుకున్నాం.

నాయన అంతా విన్నాడు. సైను, రేఖాంశం ఆయనకు ఎంత అర్థమైందో గాని, "అయితే ఉత్తరాన్ని నమ్మేదానికి లేదు" అన్నాడు. "నమ్మొచ్చు నాయనా, ఏ ఉత్తరమో చెప్పుకోవాల" అన్నాను. ఆయన లేచి గడ్డపార తీసుకున్నాడు. "దిక్కుతో పనేముంది? దక్షిణాన రాయి వున్నప్పుడు ఉత్తరానా ఒక రాయి వుండాల గదా." మామనూ, కొడుకునూ కేకేసి పిలిచాడు. నలుగురం ఉత్తరపు కొసకు పోయి తాటిచెట్టు మొదట్లో మట్టి, తుంగ లాగి చూశాం. అడుగు లోతులో పాత సర్వే రాయి తలకాయ కనిపించింది. రాయి నుంచి రాయికి తాడు కట్టాం. గెనిమ తాడు కిందే వుంది. మామ కొడుకు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మామ నాయనతో, "పొద్దన కాఫీకి రాలేదేంది వారంగా?" అన్నాడు, రానిది నాయనే అయినట్టు.

వాళ్లు వెళ్లాక గెనిమ మీద కూర్చున్నాం. నాయన చెప్పులకంటిన మట్టి గీరుకుంటూ, "ఆ పైలట్ చదువుకు ఎంతవుతుంది?" అని అడిగాడు. తెలిసినంతలో చెప్పాను, అరకోటి దాకా. ఆయన ఏమీ అనలేదు. చేను ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకసారి చూశాడు. ఎకరం మా దగ్గర ఎంత పలుకుతుందో నాకు తెలుసు, ఆయన ఏం గుణిస్తున్నాడో కూడా తెలుసు. "నేను అడగలేదు నాయనా" అన్నాను. "నువ్వు అడగలేదులే" అన్నాడు. ఇద్దరం అక్కణ్ణుంచి లేచాం. ఎం.యస్సీ. ప్రవేశపరీక్షకు దరఖాస్తు పెట్టాను. పుస్తకం మాత్రం నా దగ్గరే వుంది. సీనియర్‌కు ఫోన్ చేసి అడిగితే వుంచుకోమన్నాడు.

మా వూరి మిద్దె మీంచి శ్రీహరికోట రాకెట్లు కనిపిస్తాయి. 2022 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున 5 గంటల 59 నిమిషాలకు పి.యస్.యల్.వి. సి52 లేచింది. ఇ.ఓ.యస్.-04 అనే రాడార్ ఉపగ్రహాన్ని 529 కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యలో పెట్టడానికి. అప్పుడు నేను ఇంటర్. అవ్వ పాల చెంబు చేతిలో పట్టుకొని మిద్దెక్కింది. "యాడికి పోతాందిరా అది?" అంది. "ధ్రువాలకు అవ్వా, ఉత్తర ధ్రువానికి కూడా." అవ్వ చెయ్యి అడ్డంపెట్టుకొని చూసింది. "ఉత్తరానికంటావు, దక్షిణానికి పోతాందే."

నిజమే. ధ్రువకక్ష్యకు పోయే రాకెట్ మన తీరం నుంచి ఆగ్నేయంగా, 140 డిగ్రీల దిక్కున లేస్తుంది. నేరుగా దక్షిణం పోతే శ్రీలంక మీద పడుతుంది గనుక దాన్ని తప్పించి సముద్రం మీద పక్కకు మళ్లుతుంది. ఇందాకటి లెక్క అప్పుడు నాకు రాదు, ఇప్పుడు వేసి చూశాను. ముందు దక్షిణ ధ్రువం, అరగంటలోపల. అక్కడ దాటి భూమికి అవతలి పక్క నుంచి ఎక్కి ఉత్తర ధ్రువం చేరేసరికి మొత్తం గంటంబావు. ఆ పూట అంతలోపల అవ్వ బర్రెను పిండి, పాలు కేంద్రంలో పోసి, చీటీ రాయించుకొని ఇంటికి వచ్చేసింది.